‘పవర్’ అనే పేరుతో రెండు ఫీల్డులు

విజయవాడలో అపార్ట్‌మెంట్లకు, చిన్న ఆస్పత్రులకు లిఫ్టులు బిగించి, తరవాత వాటి మరమ్మతులు చూసే కంపెనీలో నేను పనిచేస్తున్నాను. చేరిన కొత్తలో నా పని ఫోన్లెత్తడం. “మూడో ఫ్లోర్లో ఆగిపోయిందండీ”, “తలుపు పడట్లేదండీ” అని వచ్చే ఫిర్యాదులు రాసుకుని మెకానిక్‌లకు చెప్పేదాన్ని. కంపెనీ పెరిగి కంకిపాడు, చల్లపల్లి, హనుమాన్ జంక్షన్ దాకా పనులు వచ్చాక, ఏ పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. దాన్ని నేర్చుకోమంటే అందరూ తలలు తిప్పుకున్నారు. ఫోన్లతో విసిగిపోయి ఉన్నాను కాబట్టి నేను నేర్చుకుంటానన్నాను. అలా దానికి అడ్మిన్‌నయ్యాను.

అందులో ఒక్కో లిఫ్టు పనికి ఒక్కో పేజీ ఉంటుంది. ఆ పేజీలో మనకి కావలసిన వివరాలకి మనమే గడులు కల్పించుకోవచ్చు. వాటినే ఆఫీసులో ఫీల్డులనేవాళ్ళం. బిల్డింగుకి ఎన్ని అంతస్తులు, తలుపు ఎటు తెరుచుకోవాలి, మోటారు ఏ రకం, ఏది కావాలంటే దానికో ఫీల్డు. సౌకర్యమే. కానీ వాటిని కల్పించే అధికారం నా ఒక్కదానికే కాకుండా ప్రతి సెక్షన్ హెడ్‌కీ ఇచ్చారు. సేల్స్‌వాళ్ళు తమకు కావలసినవి పెట్టుకున్నారు. సర్వీసువాళ్ళు, స్టోర్సువాళ్ళు, అక్కౌంట్సువాళ్ళు తమవి పెట్టుకున్నారు. పక్కవాళ్ళు ముందే పెట్టారేమో అని చూసినవాళ్ళు లేరు. ఉద్యోగం మానేసి వెళ్ళినవాళ్ళ ఫీల్డులు కూడా అలాగే ఉండిపోయాయి. కొన్నేళ్ళు తిరిగేసరికి పేజీ ఎంత పొడుగయిందంటే, సైటు మీదున్న మెకానిక్ తనకు కావలసిన ముక్క కోసం సెల్‌ఫోన్ తెర మీద వేలితో తోసుకుంటూ తోసుకుంటూ కిందికి పోవాలి. చాలామంది ఆ బాధ పడలేక ఏదో ఒకటి నింపేసి ఊరుకునేవారు.

ఒకరోజు ఆపరేషన్స్ మేనేజర్ నన్ను పిలిచారు. యాభై దాటిన మనిషి. నేను నేర్చుకుంటానన్నప్పుడు, ఫోన్ల దగ్గరనుంచి నన్ను లేపి ఈ సీట్లో కూర్చోబెట్టింది ఆయనే. “డిగ్రీ చదివిన పిల్ల, ఫోన్లెత్తుకుంటూ ఎన్నాళ్ళుంటుంది?” అని ఓనరుగారితో వాదించి మరీ జీతం పెంచించారు. నాకు ఆయనంటే గౌరవం, కాస్త భయం కూడా.

“ఇదేంటమ్మా, తిరనాళ్ళలా ఉంది?” అన్నారు తెర చూపిస్తూ. “పెద్ద ఆస్పత్రి పని ఒకటి మన చేతికి రాబోతోంది. వాళ్ళు మన పద్ధతి ఎలా ఉందో చూస్తామన్నారు. ఇది చూస్తే పారిపోతారు. వారంలో శుభ్రం చేసెయ్యి.”

“వారంలో అవదు సర్. ఒక్కోటీ ఎవరిదో, ఎందుకు పెట్టారో అడిగి తెలుసుకోవాలి.”

“అడిగేదేముంది? ఒకే పేరుతో రెండుంటే ఒకటి తీసెయ్.”

“పేరు ఒకటే అయినా అర్థం ఒకటి కాదు సర్. ఇదిగో, ‘పవర్’ చూడండి.”

‘పవర్’ అనే పేరుతో రెండు ఫీల్డులు ఉండేవి. మొదటిది సేల్స్‌వాళ్ళది. లిఫ్టు మోటారుకి కావలసిన త్రీ ఫేజ్ కరెంటు కనెక్షను బిల్డింగుకి ఉందా లేదా అన్నది అందులో రాసేవారు. ఉంటే ‘ఓకే’, లేకపోతే ‘హోల్డ్’. రెండోది సర్వీసువాళ్ళది. మెకానిక్ వైర్ల మీద పనిచేస్తున్నంతసేపూ అందులో ‘హోల్డ్’ ఉంటుంది. పని ముగిశాక అతను దాన్ని ‘ఓకే’ చేస్తాడు. ఆ మరుక్షణం సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఆ ప్రాంతపు ఎలక్ట్రీషియన్‌కి మెసేజ్ పంపుతుంది, సప్లై ఇవ్వవచ్చు అని. పేరు అదే, జవాబులు అవే. ఒకటి బిల్డింగుకి వచ్చే కరెంటు గురించి, ఇంకొకటి ఆ కరెంటు వైరు పట్టుకున్న చెయ్యి గురించి.

ఇదంతా ఆయనకు చెప్పాను. తలూపారు. అప్పుడు ఆయన చూపు తన ఫోన్ మీద ఉంది.

“ఇంకో మాట సర్,” అన్నాను. “మార్చే అధికారం ఇంతమందికి ఉంటే నేను ఒకపక్క తీస్తుంటే ఇంకోపక్క పుడుతూనే ఉంటాయి. ఆ పర్మిషన్లు తీసేయించండి. మీది కూడా.”

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందేమో. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టారు.

“నామీద నమ్మకం లేదామ్మా?”

“అదికాదు సర్...”

“సరే, నీ పని నువ్వు చూడు.”

ఆరోజునుంచి ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడడం మొదలుపెట్టారు. నేను సెక్షన్ సెక్షన్‌కీ తిరుగుతూ, ఈ ఫీల్డు ఎవరు చూస్తారు, చూసి ఏం చేస్తారు అని అడుగుతున్నాను. చాలావాటికి జవాబు లేదు. అయినా తీసేస్తానంటే ఒప్పుకునేవారు కాదు. “ఉండనివ్వండి మేడమ్, ఎప్పుడో పనికొస్తుంది” అనేవారు. పని ముందుకు సాగడం లేదని మేనేజర్‌గారికి తెలుస్తూనే ఉంది. కారిడార్లో ఎదురుపడితే “ఎంతవరకొచ్చింది?” అనేవారు. నేను జవాబు చెప్పేలోగానే వెళ్ళిపోయేవారు.

ఆస్పత్రివాళ్ళు మధ్యాహ్నం వస్తారనగా ఆ పొద్దున నేను కంప్యూటర్ తెరిచేసరికి తెర మీద వరసగా నోటీసులు వచ్చిపడుతున్నాయి. ఫలానా సైటుకి సప్లై ఇవ్వవచ్చని ఎలక్ట్రీషియన్‌కి మెసేజ్ వెళ్ళింది. ఇంకో సైటుకి వెళ్ళింది. మరో సైటుకి. ఒకేసారి అన్ని సైట్లలో పనులు ముగియడం ఏమిటో అర్థం కాలేదు. ఒక పేజీ తెరిచి చూశాను. ‘పవర్’ ఒక్కటే కనిపించింది. రెండోది లేదు.

ఎవరు మార్చారో సాఫ్ట్‌వేర్ రాసి ఉంచుతుంది. మేనేజర్‌గారి పేరు ఉంది. మార్చి ఎంతోసేపు కాలేదు. రెండు ఫీల్డులనూ కలిపేశారు. సేల్స్‌వాళ్ళ ‘ఓకే’లు వచ్చి సర్వీసువాళ్ళ ‘హోల్డ్’ల మీద కూర్చున్నాయి. త్రీ ఫేజ్ కనెక్షను ఉన్న ప్రతి బిల్డింగులోనూ పని ముగిసిపోయినట్టు సాఫ్ట్‌వేర్ అనుకుంది.

పక్క సీట్లో, ఒకప్పుడు నేను కూర్చున్న ఫోన్ల దగ్గర, ఇప్పుడు ఒక చిన్నమ్మాయి కూర్చుంటుంది. “సర్వీసు హెడ్‌ని పిలువు, పరిగెత్తు!” అన్నాను. నా గొంతు విని ఆ పిల్ల ఏమీ అడక్కుండా పరిగెత్తింది.

సర్వీసు హెడ్ వచ్చేలోగా మెసేజ్‌లు ఆగిపోయేలా చేశాను. వెళ్ళిపోయినవాటిని మాత్రం వెనక్కి తీసుకురాలేను. ఆయన నా వెనక నిలబడి, సైట్ల పేర్లు నేను చదువుతుంటే ఒక్కోటీ చెబుతూ వచ్చారు. ఇక్కడ మనుషులు లేరు. ఇక్కడ నిన్ననే అయిపోయింది. ఇక్కడ ఇంకా సామానే దిగలేదు. నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది. అప్పుడు కంకిపాడు అపార్ట్‌మెంటు పేరు చదివాను. తిరిగి చూస్తే మొహం పాలిపోయి ఉంది.

“ఉన్నాడు,” అన్నారు. “పైన మెషీన్ రూమ్‌లో కేబుళ్ళు కలుపుతున్నాడు.”

అది ఐదంతస్తుల పాత బిల్డింగు. లిఫ్టు పూర్తిగా మారుస్తున్నాం. కింద కరెంటు బోర్డు దగ్గర మెయిన్ కేబుల్‌ని అంతకుముందే ఎలక్ట్రీషియన్ వచ్చి విప్పేసి వెళ్ళాడు. దాని రెండో కొసలో, డాబా మీది గదిలో, మా మెకానిక్ ఒంటరిగా పనిచేస్తున్నాడు. చల్లపల్లి దగ్గరి మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఇద్దరాడపిల్లలు. కింద కేబుల్ కలిపి స్విచ్ వేస్తే, పైన అతని చేతుల్లోకే వస్తుంది కరెంటు.

అతనికి ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాం. వైర్ల మీద పనిచేసేటప్పుడు ఫోన్ సంచిలో పెట్టి దూరంగా ఉంచాలని కంపెనీయే రూలు పెట్టింది. అతను రూలు తప్పే మనిషి కాదు.

ఎలక్ట్రీషియన్‌కి చేశాం. అదీ మోగుతోంది, ఎత్తడం లేదు. అప్పటికే బండి మీద ఉన్నాడేమో. అతను పెనమలూరువైపే ఉంటాడు. అక్కణ్ణుంచి కంకిపాడు ఎంతసేపు! సర్వీసు హెడ్ బైకు తాళాలు తీసుకుని మెట్ల మీదికి ఉరికారు. మా ఆఫీసునుంచి ఆ వేళప్పుడు బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డెక్కడానికే ఎంత పడుతుందో మాకిద్దరికీ తెలుసు. అయినా వెళ్ళారు. వెళ్ళక ఏం చేస్తారు?

నేను ఆ బిల్డింగు పేజీలో ఫోన్ నంబర్లు వెతకడం మొదలుపెట్టాను. నంబర్లకి కరువు లేదు. ‘ఫోన్’, ‘ఫోన్ టూ’, ‘కస్టమర్ మొబైల్’, ‘సైట్ నంబర్’, ‘ఆల్టర్నేట్’, ఇంకా ఏవేవో. ఒక్కో సెక్షను ఒక్కోటి పెట్టుకుంది. ఇన్నింటిలో ఏది పనికొస్తుందో చెప్పే దిక్కు లేదు.

‘కస్టమర్ మొబైల్’కి చేశాను. బిల్డరు ఎత్తాడు. వెనక బ్యాండు మేళం.

“కంకిపాడు అపార్ట్‌మెంటు గురించండీ! అక్కడ అర్జెంటుగా...”

“పెళ్ళిలో ఉన్నానండీ, హనుమాన్ జంక్షన్లో! ఏం వినపడట్లా! మెసేజ్ పెట్టండి!”

పెట్టేశాడు. ‘సైట్ నంబర్’కి చేశాను. అది వాచ్‌మన్‌ది. అయితే పాత వాచ్‌మన్‌ది. “అక్కడ మానేసి చానాళ్ళయిందమ్మా, ఇప్పుడు గుడివాడలో ఉంటన్నా” అన్నాడు. కొత్త వాచ్‌మన్ నంబరు అతనికి తెలీదు. ‘ఫోన్ టూ’లో ఒక అంకె తక్కువ. ‘ఆల్టర్నేట్’కి చేశాను. అదే క్షణంలో చిన్నమ్మాయి బల్ల మీది ఫోన్ మోగింది. ఆ పిల్ల ఎత్తి “హలో” అంటే, అదే మాట నా చెవిలోనూ వినిపించింది. ఎవరో ఆ ఫీల్డు ఖాళీగా ఉంచకూడదని మా ఆఫీసు నంబరే రాసేశారు. ఆ పిల్ల నావైపు బిత్తరపోయి చూసింది. నేను ఫోన్ పెట్టేశాను. ఏడుపొచ్చింది, ఏడవడానికి వేళ కాదు.

అప్పుడు ఆ పిల్లే అంది. “అక్కా, ఆ అపార్ట్‌మెంటునుంచి ఒక టీచరుగారు రోజూ ఫోన్ చేస్తారు. రెండో ఫ్లోరు. మోకాళ్ళ నొప్పులు, లిఫ్టు ఎప్పుడిస్తారని తిడతారు. ఇవాళ కూడా చేశారు.”

తన ఫోన్‌లో వచ్చిన కాల్స్ చూసి నంబరు చెప్పింది. చేశాను. మొదటి రింగుకే ఎత్తారావిడ.

“ఆఁ, ఇప్పటికి మీకు తీరిందా? నేను పొద్దున చేస్తే...”

“అమ్మా, ఒక్కమాట వినండి. నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. పైన మెషీన్ రూమ్‌లో మా మెకానిక్ కరెంటు వైర్లు పట్టుకుని ఉన్నాడు. కింద ఎలక్ట్రీషియన్ వచ్చి సప్లై ఇచ్చేస్తాడు. పొరపాటున మెసేజ్ వెళ్ళింది. ఇస్తే మనిషి పోతాడు. కింద బోర్డు దగ్గరికి ఎవరినైనా పంపించండి.”

ఆవిడ గొంతు మారిపోయింది. “ఇంట్లో ఎవరూ లేరమ్మా. వాచ్‌మన్ కూడా కనపడలా పొద్దున్నుంచి. ఉండు, నేనే ఎల్తా. ఫోన్ పెట్టెయ్యమాకు.”

తలుపు తీసిన చప్పుడు. తరవాత మెట్లు. ఆవిడ ఒక్కో మెట్టూ దిగుతుంటే నొప్పికి “అమ్మా... అమ్మా...” అనడం వినిపిస్తోంది. నా ఎదురుగా ఎప్పుడొచ్చారో మేనేజర్‌గారు నిలబడి ఉన్నారు. చేతిలో ఆస్పత్రివాళ్ళ కోసం తెప్పించిన పూలగుత్తి ఉంది. మొత్తం చిన్నమ్మాయి చెప్పేసినట్టుంది. ఆయన ఏదో అడగబోతే చెయ్యి అడ్డంపెట్టి ఆపాను.

ఫోన్‌లో మోటారుసైకిల్ ఆగిన శబ్దం వినిపించింది. బోర్డు తలుపు కిర్రుమన్న చప్పుడు.

“ఏవయ్యా! ఆగు! నిన్నే! ముట్టుకోమాకు!”

“మెసేజ్ వచ్చిందండీ. ఇదిగో, సప్లై ఇవ్వమని. చూడండి.”

“మెసేజ్ లేదు ఏం లేదు! పైన మనిషున్నాడు!”

“మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఎత్తట్లేదండీ. పనైపోయి ఎల్లిపోయుంటాడు. ఓకే అని ఉందిగా.”

“నువ్వు ముందా చెయ్యి తియ్యి. నేను ఇక్కణ్ణుంచి కదల్ను. ఇదిగో, మీ ఆఫీసువాళ్ళతో మాట్లాడు.”

ఫోన్ అతని చేతికొచ్చింది. “అన్నా, నేను ఆఫీసునుంచి. మెసేజ్ తప్పు. పైన ఆయన కేబుల్ పట్టుకునే ఉన్నాడు. కలిపావా?”

“కేబుల్ కలిపేశాను మేడమ్,” అన్నాడు. “స్విచ్ వెయ్యలా ఇంకా.”

“విప్పెయ్యి. విప్పేసి పైకెళ్ళి ఆయన్ని చూసి చెప్పు.”

విప్పుతున్న చప్పుడు, పాన పట్టు జారి కిందపడిన చప్పుడు విన్నాను. తరవాత, టీచరుగారి ఫోన్ చేతిలోనే పట్టుకుని, మెట్ల మీద పరుగు. ఐదంతస్తులు. అతని ఊపిరి తప్ప ఏమీ వినిపించడం లేదు. స్విచ్ వెయ్యలేదని అతను చెప్పాడు. అయినా నా మనసు నమ్మడం లేదు. ఆ కంగారులో పొరపాటున చెయ్యి తగిలి ఉంటే? అతను పైకెళ్ళేసరికి ఆ గదిలో ఏం కనిపిస్తుంది? అన్నీ చెడ్డ ఆలోచనలే. బ్యాటరీ డ్రిల్లింగు మిషను మోత మొదలైంది, దగ్గరైంది, ఆగింది.

“ఏంటయ్యా, అట్టా పరిగెత్తుకొస్తన్నావ్?” అంది ఒక గొంతు. మామూలుగా, కాస్త విసుగ్గా.

ఫోన్ బల్ల మీద పెట్టేసి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాను. చిన్నమ్మాయి నా భుజం పట్టుకుంది. తల ఎత్తి చూస్తే మేనేజర్‌గారు అక్కడ లేరు. పూలగుత్తి ప్రింటర్ మీద ఉంది.

ఆస్పత్రివాళ్ళను ఇంకోరోజు రమ్మన్నారు. మధ్యాహ్నం ఓనరుగారి గదిలో మీటింగు పెట్టారు. దానికి వెళ్ళబోతుంటే మేనేజర్‌గారు మెట్ల దగ్గర నన్ను ఆపారు. మెల్లిగా అన్నారు.

“అమ్మా, లోపల... సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఇబ్బంది వచ్చిందని చెబుదాం. మనిషికి ఏమీ కాలేదుగా. ఇంకా పదేళ్ళ సర్వీసుంది నాకు.”

ఈ సీటు ఇప్పించిన మనిషి. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడక్కుండానే సెలవు ఇచ్చిన మనిషి. ఆయన మొహంలోకి చూస్తే కాదనడం కష్టం. ఇంకోపక్క నా చెవుల్లో ఇంకా ఆ మెట్ల మీది పరుగే వినిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ తప్పని చెబితే ఎవరి అధికారమూ పోదు. రేపు ఇంకెవరో ఇంకేదో కలుపుతారు.

గదిలోకి వెళ్ళేసరికి మెకానిక్ కూడా వచ్చి కూర్చుని ఉన్నాడు. సర్వీసు హెడ్ తన బైకు మీద ఎక్కించుకొచ్చారు. అతని చొక్కా నిండా సిమెంటు దుమ్ము. మంచినీళ్ళ సీసా రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు, మూత తియ్యలేదు.

“అసలేం జరిగింది?” అన్నారు ఓనరుగారు.

మేనేజర్‌గారు గొంతు సవరించుకున్నారు. “సిస్టమ్‌లో ఒక చిన్న ఇబ్బంది వచ్చిందండీ. మెసేజ్‌లు వాటంతట అవే...”

“సర్,” అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “వాటంతట అవి వెళ్ళలేదు. ‘పవర్’ అని రెండున్నాయి. పొద్దున మేనేజర్‌గారు వాటిని కలిపేశారు. కలపగూడదని నేను చెప్పాను. అయినా అలా ఒక్క నొక్కుతో కలపగలిగే అధికారం ఆయన ఒక్కరికే కాదు, ఈ ఆఫీసులో చాలామందికి ఉంది. అది తియ్యకపోతే మళ్ళీ జరుగుతుంది.”

మేనేజర్‌గారు నావైపు చూడలేదు, మెకానిక్‌వైపు చూశారు. చూసిన చూపు తిప్పుకోలేకపోయారు. అలా చూస్తూనే అన్నారు.

“ఆ అమ్మాయి చెప్పింది నిజమండీ. నాకు చెప్పింది. నేను విన్లేదు. వాళ్ళొచ్చేసరికి తెర నీట్‌గా కనపడాలని...” ఆగిపోయారు. తరవాత మెకానిక్‌తో, “నన్ను క్షమించవయ్యా,” అన్నారు.

మెకానిక్ సీసా వంక చూసుకున్నాడు. “ఇంటికెళ్ళొచ్చాండీ?” అని మాత్రం అడిగాడు.

అతను కొన్నాళ్ళు సెలవు పెట్టాడు. ఆ సెలవులో ఉండగా అతని భార్య నాకు ఫోన్ చేసింది. అంతకుముందు ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

“మేడమ్‌గారూ, ఈయన అన్నం తినట్లేదండీ. పొలం గట్టున కూర్చుంటన్నాడు. చర్చికి రమ్మన్నా రావట్లా. అసలేం జరిగిందో మీరన్నా చెప్పండి.”

కంపెనీ తరఫున ఏం చెప్పాలో ఎవరూ నాకు నేర్పలేదు. ఒక్క క్షణం తటపటాయించాను. తరవాత అంతా ఉన్నదున్నట్టు చెప్పాను. నేను చెప్పడం ముగిశాక “స్విచ్ వెయ్యలేదన్నారుగా?” అంది.

“లేదండీ. వెయ్యలేదు.”

“దేవుడు కాపాడాడండీ,” అంది. గొంతు కొంచెం గట్టిపడి, “మళ్ళీ ఇట్టా అవదని మీరు చెప్పగలరా?” అంది.

చెప్పగలనని అనలేకపోయాను. “అవకుండా చేసే పనిలోనే ఉన్నానండీ” అన్నాను. “అలాగేనండి” అని పెట్టేసింది. ఆ మాటలో నమ్మకం ఉందో, లేదో నాకు తెలియలేదు.

ఆ తరవాత ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. ఓనరుగారు మార్చే అధికారం అందరికీ తీసేయించారు. నాకూ, సర్వీసు హెడ్‌కీ మాత్రమే ఉంచారు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఏ ఫీల్డూ పుట్టదు, పోదు. కింద కరెంటు బోర్డులకు తాళాలు కూడా కొన్నారు. పని ఉన్నన్నాళ్ళూ తాళంచెవి మెకానిక్ జేబులోనే ఉంటుంది.

మేనేజర్‌గారు చాలారోజులు నా సీటు దగ్గరికి రాలేదు. ఆస్పత్రివాళ్ళ పని మాకు రాలేదు. దానికి కారణం ఆ రోజేనని ఆయన అనుకున్నారేమో, ఎవరితోనూ అనలేదు. తరవాత ఒక పొద్దున ఒక కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. “నా సెక్షన్‌వి నేనే చెబుతా, రాసుకో,” అన్నారు. ఒక్కోటీ చదువుతుంటే, “ఇది నేనే పెట్టించాను. ఎందుకో గుర్తులేదు. తీసెయ్,” అంటూ పోయారు. మధ్యలో ఒకసారి, “ఆ రోజు నువ్వు నోరు విప్పకపోతే నేను చెప్పేవాణ్ణి కాదమ్మా,” అన్నారు, తెర మీంచి చూపు తిప్పకుండా. నేను రాసుకుంటూనే ఉన్నాను. పాత చనువు మా మధ్య పూర్తిగా తిరిగి రాలేదు. దాని బదులు ఇంకేదో వచ్చింది, దానికి పేరు పెట్టలేను.

సేల్స్‌వాళ్ళతో గొడవలయ్యాయి. అక్కౌంట్సావిడ ఒకరోజు నాతో మాట్లాడడం మానేసింది. ఫోన్ నంబర్ల ఫీల్డులన్నీ పోయి రెండే మిగిలాయి. ఒకటి బిల్డింగు బాధ్యత చూసేవాళ్ళది, రెండోది పని జరిగే రోజున ఆ బిల్డింగులోనే ఉండే మనిషిది. పని మొదలుపెట్టే ముందు చిన్నమ్మాయి ఆ రెండో నంబరుకి ఫోన్ చేసి, ఎవరైనా ఎత్తితేనే మెకానిక్‌ని పంపుతుంది. కంకిపాడు అపార్ట్‌మెంటుకి ఆ నంబరు టీచరుగారిది. లిఫ్టు నడవడం మొదలయ్యాక కూడా ఆవిడ మాకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు, లైటు మసకగా ఉందని, ఫ్యాను చప్పుడు చేస్తోందని. ఎవరూ విసుక్కోరు.

‘పవర్’ పేరు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం సర్వీసు హెడ్‌కీ నాకూ కుదరలేదు. సేల్స్‌వాళ్ళదానికి ‘త్రీ ఫేజ్ కనెక్షను’ అని పెట్టేశాం. రెండోదానికి ఆయన ‘సప్లై స్టేటస్’ అన్నారు, నేను ‘వైర్ల పని’ అన్నాను. అప్పటికి మెకానిక్ సెలవునుంచి తిరిగొచ్చాడు. పనిలో చేరతాడో చేరడో అని అందరం అనుకుంటూ ఉండగానే వచ్చేశాడు. మనిషి చిక్కాడు. స్టోర్సులో సామాను తీసుకుంటుంటే పిలిచి అడిగాం.

అతను ఆలోచించాడు. “‘లోపల మనిషున్నాడు’ అని పెట్టండి,” అన్నాడు. “అవును, కాదు. అంతే.”

అలాగే పెట్టాం. దాన్ని మార్చగలిగేది ఆ లోపలున్న మనిషి ఒక్కడే. నేను కూడా మార్చలేను.

దాన్ని మొదట వాడింది హనుమాన్ జంక్షన్లో, ఒక లాడ్జి పనిలో. వెళ్ళింది అతనే. పొద్దున ‘లోపల మనిషున్నాడు’ పక్కన ‘అవును’ అని పడింది. నేను వేరే పనులు చూసుకుంటూనే మాటిమాటికీ ఆ పేజీ తెరుస్తున్నాను. భోజనాల వేళయింది. అందరూ క్యారేజీలు తెరిచారు. ‘అవును’ అలాగే ఉంది. చిన్నమ్మాయి వచ్చి “అక్కా, తినరా?” అంది. వస్తానన్నాను. తెర ముందునుంచి లేవలేకపోయాను. మధ్యాహ్నం వాలుతుండగా అతని భార్యనుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు పని ఎక్కడో ఆమెకు తెలుసు.

“అయిపోయిందాండీ?” అంది.

“ఇంకా లేదండీ. లోపలే ఉన్నారు.”

“లైన్లో ఉండనాండీ?”

“ఉండండి,” అన్నాను.

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు, ఒక ఆడపిల్ల పాఠం చదువుకుంటున్న గొంతు వినిపిస్తున్నాయి. నా ముందు తెర వెలుగుతోంది. కాసేపటికి ‘అవును’ పోయి ‘కాదు’ వచ్చింది.

“బయటికొచ్చారండీ,” అన్నాను.

“సరేనండి,” అందామె. “మీరు భోంచేశారా?”

“ఇప్పుడు తింటానండీ,” అన్నాను.